గాలికి పని లేకుండా చేసిన క్లిప్పు

బట్టల క్లిప్పులు రాకముందు మా ఆళ్లగడ్డలో గాలికి చేతినిండా పని ఉండేది. మిద్దెల మీద ఆరేసిన బట్టల్ని ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి చేరవేసేది. నా పంచె ఒకసారి రుద్రవరం దాటి నల్లమలలో వాలింది. ఒక ఎలుగుబంటి దాన్ని కట్టుకుని, పెళ్లికి పోతున్న పెద్దమనిషిలా నడిచిందట. నేను తిరిగి అడగలేదు. దానికే బాగా నప్పింది.

మా ఆవిడ జయలక్ష్మమ్మకూ పక్కమిద్దె రామసుబ్బమ్మకూ స్నేహం కలిపింది కూడా ఆ గాలే. ఈమె చీర ఆమె మిద్దె మీద పడేది. మడతపెట్టి తెచ్చిన మనిషి పొద్దుగుంకేదాకా కదిలేది కాదు.

తర్వాత మా ఆవిడ నంద్యాల బజారులో నీలంరంగు ప్లాస్టిక్ క్లిప్పులు కొన్నది. రామసుబ్బమ్మా అవే కొన్నది. బట్టలు ఎగరడం మానేశాయి. ఒకరోజు గోడవతల నుంచి రామసుబ్బమ్మ అడిగింది.

"అక్కా, నా క్లిప్పు నీ తీగకెట్లొచ్చె?"

"దాని మీద నీ పేరుందా ఏమ్మే?"

అంతే. ఉగాది ముందు నుంచి మాటల్లేవు.

రామసుబ్బమ్మ రేపు ప్యాపిలిలో కూతురింటికి పోతుందని, ఇక అక్కడే ఉంటుందని ఈ రోజు తెలిసింది. మా ఆవిడ అన్నం కలిపి, తినకుండా కూర్చుంది.

"పోయి ఒక మాట పలకరిస్తే ఏం పోతాదే?" అన్నాను.

"నన్ను దొంగ అనింది ఆయమ్మ. పలకరించాల్సింది ఆయమ్మే."

సాయంత్రం నేను మిద్దెక్కాను. మా ఆవిడ పచ్చచీర క్లిప్పులు తీసేస్తే మిగతాది గాలి చూసుకుంటుందని నా ఎత్తు. తీరా చూస్తే చీరకు ఒక్క క్లిప్పూ లేదు.

"ఏం చేస్తాండావ్ ఆడ?" వెనక నుంచి మా ఆవిడ. గుప్పిట్లోంచి నీలంరంగు తొంగిచూస్తోంది.

"గాలి చూస్తాండా. గుప్పిట్లో ఏందీ?"

"నీకెందుకయ్యా. పక్కకు జరుగు, గాలికి అడ్డం."

ఆకు కూడా కదలడం లేదు. ఇద్దరం నీళ్లట్యాంకు పక్కన కూర్చున్నాం. ఆకాశం పండిన జొన్నచేను రంగుకు తిరిగింది. అప్పుడు నల్లమల వైపు నుంచి, చాన్నాళ్లకు పని దొరికిన మనిషిలా, గాలి మెల్లగా వచ్చింది. పచ్చచీర ఊపిరి పీల్చుకుంది. ఉబ్బింది. తీగను వదిలి గోడ దాటింది.

అదే క్షణంలో గోడవతల నుంచి ఎర్రచీర ఒకటి లేచి, నడిమధ్యలో పచ్చచీరను ఒరుసుకుంటూ వచ్చి మా ఆవిడ ఒళ్లో వాలింది. గాలి ఒకవైపే కదా వీచేది అని అడుగుతారేమో. ఎలుగుబంటిని నమ్మినవాళ్లు దీన్ని నమ్మలేరా?

ఆమె ఇంకా మడత పెడుతుండగానే మెట్ల మీద గొంతు వినిపించింది.

"అక్కా, నీ చీర మా మిద్దె మీద పడె."

"క్లిప్పు పెట్టడం మర్సిపోయినా. నువ్వు?"

"నా క్లిప్పు నీ కాడనే ఉండె గదక్కా!"

మా ఆవిడ ముందు మూతి బిగించింది, తర్వాత పకపకా నవ్వింది. గుప్పిట తెరిచి, "నీదేదో ఏరుకో మే," అంది.

రామసుబ్బమ్మ ఒక్కటీ తీసుకోలేదు. పక్కనే చతికిలబడింది. "ప్యాపిలిలో నేను క్లిప్పులు పెట్టనులే," అంది.

నల్లమల గాలి పోయేది అటువైపే. ఇద్దరూ చాలాసేపు పడమటి దిక్కే చూస్తూ కూర్చున్నారు.