ఈక స్ప్రింగు

మమ్మల్ని పిచ్చివాళ్లంటారు. కాదని వాదించను. బంగారం లాంటి కంప్యూటర్ కీబోర్డు కొని తెచ్చి, మీటలన్నీ ఊడబీకి, వాటి కింద స్విచ్‌లు ఒక్కొక్కటీ విప్పి, సన్న కుంచెతో గ్రీజు పూసి, మళ్లీ బిగించి, "ఇప్పుడు విను, చినుకు పడ్డట్టు పలుకుతోంది" అని మురిసిపోయేవాళ్లని ఇంకేమనాలి? ఆ స్విచ్‌లలో పెట్టే స్ప్రింగులు చుట్టేది నేను. పేరు ప్యో గుమ్‌రాన్. సియోల్‌లో ముల్లే అనే పేటలో, ఇనప కొట్ల సందులో మా నాన్న బాల్‌పెన్నులకి స్ప్రింగులు చుట్టేవాడు. పెన్నుల గిరాకీ పోయింది, నాన్న పోయాడు, యంత్రం మిగిలింది. ఈ పిచ్చివాళ్లు దాన్ని వెతుక్కుంటూ వచ్చారు.

గొప్పలు చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు. నేనొక తప్పు చేశాను. అది చెప్పుకోవాలి.

జేసప్ అన్న మా గుంపులో అందరికన్నా పెద్దవాడు. పాఠ్యపుస్తకాల్లో అచ్చుతప్పులు దిద్దే ఉద్యోగం. నెలకోసారి మేమంతా ఎవరి కీబోర్డు వాళ్లు చంకన పెట్టుకుని ఒక గదిలో చేరతాం, ఒకరిది ఒకరం కొట్టి చూస్తాం. ఆ చప్పుడు రికార్డు చేస్తాం కాబట్టి గుమ్మంలోనే ఫోన్లన్నీ నోరు మూయించి బుట్టలో పడేయాలి. ఇంకో నియమం ఎక్కడా రాసి లేదు గానీ అందరికీ తెలుసు. చేసినవాళ్ల ఎదుట వాళ్ల పనికి వంక పెట్టకూడదు. నచ్చకపోతే "చేతికి హాయిగా ఉంది" అనాలి. నచ్చినా అదే మాట.

పన్నెండేళ్ల కిందట ఒక ఆదివారం జేసప్ అన్న ఫోను ఆ బుట్టలో ఉండగానే, సముద్రపు ఒడ్డున వాళ్ల సొంతూరు తోంగ్యోంగ్‌లో వాళ్లమ్మ ప్రాణం పోయింది. వాళ్లన్నయ్య ఇన్‌సప్ పదకొండుసార్లు చేశాడు. ఈయన సాయంత్రం ఫోను తీసుకున్నాకే చూశాడు. పరుగెత్తుకుంటూ వెళితే శవం పక్కన అన్నయ్య ఒకే మాట అన్నాడట, "బొమ్మలతో ఆడుకోవడం అయిందా?" అని. ఆ తర్వాత మాటల్లేవు. ఫోను చేస్తే ఎత్తడు. ఇంటికి వెళితే పడవ విప్పుకుని సముద్రం మీదికి పోతాడు.

కిందటి చలికాలం జేసప్ అన్నకి జబ్బని తేలింది. నరాలు ఒక్కొక్కటే చచ్చి, కండ కరిగిపోయే జబ్బు. కుడిచేతి వేళ్లతో మొదలైంది. మందు లేదు. ఫిబ్రవరిలో చూడ్డానికి వెళ్లాను.

"అమ్మాయ్, ఒక పని చేసిపెట్టాలి. మా అన్నయ్యకి ఉత్తరం రాయాలి. చేతులు ఉండగానే," అన్నాడు.

"మీరు చెప్పండి, వదిన రాస్తుంది. కాదంటే కళ్లతో రాసే యంత్రం ఉందటగా?"

"దానికి పక్కన ఒక మనిషి కూచుని సర్దుతుండాలి. నలుగురు వింటుండగా అడిగితే అది క్షమాపణ కాదు, పంచాయితీ. నేనే రాయాలి, నేనే పోస్టులో వేయాలి. కానీ ఈ వేళ్లు నా మాట వినడం మానేశాయి. ఏదన్నా చెయ్యి."

బలం లేని వేలికి తేలిక స్ప్రింగు. ఇందులో ఆలోచించేదేముంది అనుకున్నాను. అక్కడే బోర్లా పడ్డాను.

మామూలు మీట నొక్కాలంటే యాభై గ్రాముల బరువు కావాలి. మార్చిలో ముప్ఫై అయిదు గ్రాములవి చుట్టి తీసుకెళ్లాను. ఆయన ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని, నా ఎదుట ఒక్క మాట కొట్టాడు. "చేతికి హాయిగా ఉంది," అన్నాడు. నేను పొంగిపోయాను. మే నెలలో పాతిక గ్రాములవి. "హాయిగా ఉంది." జులైలో, అప్పుడే కొత్తగా వచ్చిన అయస్కాంతం స్విచ్‌లు తెప్పించాను. వాటిలో మీట వెంట్రుకవాసి కదిలితే చాలు, అక్షరం పడుతుంది. వాటికి సరిపడా తీగ కూడా వెంట్రుకంతే ఉండాలి. యంత్రంలో పెట్టగానే పుటుక్కున తెగేది. పదకొండు రోజులు దాంతో తిట్లు తిట్టుకుంటూ కుస్తీపట్టి, చివరికి పదిహేను గ్రాముల స్ప్రింగు చుట్టాను.

అలాంటిది మా వాళ్లలో ఎవరూ చూడలేదు. "అక్కా, దీనిమీద ఊదితే అక్షరం పడుతోంది!" అని ఒకడు కేక పెట్టాడు. "ఊదింది చాల్లే, ఎంగిలి పడుతుంది," అన్నాను. దానికి ఈక స్ప్రింగు అని పేరు పెట్టింది వాళ్లే. తైవాన్ నుంచి, జపాన్ నుంచి కావాలని రాశారు. నా కాలు నేల మీద ఆనలేదు. చేయి పడిపోతున్న మనిషి కోసం చేసిందని చెప్పుకుని మరీ మెప్పు కొట్టేశాను.

వెళ్లినప్పుడల్లా అడిగేదాన్ని, "ఉత్తరం ఎంతదాకా వచ్చిందన్నా?" అని.

"రాస్తున్నా," అనేవాడు.

నవంబరులో ఒక మధ్యాహ్నం గుమ్మడికాయ జావ పట్టుకుని వెళ్లాను. అప్పటికి ఆయన నాలుక మొద్దుబారింది. ఒక్కో మాటా కూడదీసుకుని అనాలి. వదిన, అంటే ఆయన భార్య సుగ్యోంగ్, నా సంచి అందుకోబోయి, "ఏంటే ఇంత బరువు?" అంది.

"ఎవరిదో పాత బ్యాంకు కీబోర్డు, రిపేరుకి. ఎనభై గ్రాముల స్ప్రింగులు. దీన్ని కొట్టాలంటే ముందు బియ్యం మూటలు మొయ్యాలి."

"పెట్టు," అన్నాడు ఆయన. కీబోర్డు కనిపిస్తే కొట్టకుండా ఉండలేని జాతి మాది. నవ్వుతూ ముందు పెట్టాను.

ఆయన భుజం నుంచి చెయ్యి మొత్తం దాని మీద వదిలాడు. ఆ బరువుకి మీట దిగింది. వెంటనే వేలు పైకి లేచింది. ఇంకో మీట. మళ్లీ దిగింది, మళ్లీ లేచింది. వేలిని ఆయన ఎత్తడం లేదు. స్ప్రింగే ఎత్తుతోంది.

అప్పుడు తెలిసింది. ఆయనకి నొక్కే బలం కొంచెం మిగిలే ఉంది. లేనిది వేలు ఎత్తే బలం. నా ఈక స్ప్రింగు మీద వేలు పడితే పడినట్టే ఉండిపోతుంది, దాన్ని పైకి తోసే సత్తువ ఆ ఈకకెక్కడిది? నేను ఎంత తేలిక చేస్తే ఆయన్ని అంత ముంచాను.

"నిజం చెప్పు వదినా. రోజూ ఏం జరుగుతోంది?"

వదిన ఆయన వంక చూసి, చెప్పేసింది. "ఒక మాట మొదలుపెడతారు. పేజీ నిండా ఒకే అక్షరం బారులు తీరుతుంది. నేనొచ్చి వేలు ఎత్తి పక్కన పెట్టాలి. మళ్లీ అంతే. నువ్వొస్తున్నావంటే అవన్నీ తుడిపించేవారు."

"ఎప్పటినుంచి తెలుసన్నా మీకు?"

"మార్చి," అన్నాడు.

"మరి నాతో ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు... అంత ఆశగా... నా మొహంలోకి చూస్తుంటే... ఎట్లా చెప్పను?"

మర్యాద! ఆ మర్యాదని పాడెక్కించ. ఆయన్ని కొట్టాలనిపించింది. నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలనిపించింది. ఏదీ చేయలేదు. కొట్టుకి పరుగెత్తి, తొంభై గ్రాముల స్ప్రింగులు చుట్టి, పొద్దు గుంకేలోపు బిగించి ఇచ్చాను. కానీ ఎనిమిది నెలలు బూడిదలో పోశాను. మార్చిలో ఆయనకి ఎనిమిది వేళ్లలో నొక్కే బలం ఉండేది. ఇప్పుడు రెండింట్లోనే. రోజుకి ఒక వరస, అదీ ఓపిక ఉన్న రోజు. మమ్మల్ని గదిలోంచి పంపేసి రాసేవాడు. డిసెంబరులో ఊపిరితిత్తులకి నిమ్ము చేసింది. నాలుగు రోజుల్లో పోయాడు.

ఆసుపత్రి వెనక అంత్యక్రియల హాలుకి మర్నాడు పొద్దున ఇన్‌సప్ అన్నయ్య వచ్చాడు. వదినే కబురు పెట్టింది. సముద్రపు గాలికి నల్లబడ్డ ముసలాయన. ఫొటో ముందు అగరొత్తి వెలిగించి, మూలన కూచున్నాడు. వేడి మాంసం పులుసు ముందు పెడితే చెంచా ముట్టలేదు. వదిన ఆ ఉత్తరం అచ్చుతీసిన కాగితం నా చేతికిచ్చి, ఇచ్చి రమ్మంది. నేనూ చదవలేదు దాన్ని.

ఆయన కళ్లజోడు పెట్టుకుని చదివాడు. కాగితం తిప్పి చూశాడు. వెనక ఏమీ లేదు.

"ఇంతేనా?" అని నా మీదికి విసిరినట్టే ఇచ్చాడు. అప్పుడు చదివాను.

అన్నయ్యకు నమస్కారాలు.
చలి ముదిరింది. అక్కడ గాలి ఎలా ఉందో.
మోకాలి నొప్పి తగ్గిందా?
వదిన ఆరోగ్యం ఎలా ఉంది?
ఈ ఏడు ఆల్చిప్పలు బాగా పడ్డాయా?
కొత్త పడవ బాగా నడుస్తోందా?
అమ్మ సమాధి మీద గడ్డి కోయించావా?

అక్కడితో ఆగిపోయింది.

"పన్నెండేండ్ల తర్వాత, చావబోతా వాడు నన్ను అడిగేది పడవ సంగతా?" అన్నాడు ముసలాయన. "ఆ దినం గురించి ఒక్క ముక్క లేదే. నాకు చెప్పేదానికి వాడి దగ్గర ఏమీ లేకపోయెనా?"

"ఉంది పెద్దాయనా. దానికోసమే మొదలుపెట్టాడు," అన్నాను. అంతా చెప్పాను. ఫిబ్రవరిలో ఆయన అడిగింది, నేను చుట్టింది, ఆయన దాచింది, రోజుకి ఒక వరస రాసింది. "తప్పు నాది. మొదటే బరువు స్ప్రింగు వేసుంటే మనసులోది మొత్తం రాసేవాడు," అన్నాను. చెంప పగలగొడతాడనుకున్నాను. అలా చేసినా బాగుండేది.

ఆయన కాగితం మళ్లీ తీసుకున్నాడు.

"నాయిన సముద్రంలో పోయినాక వాడికి ఉత్తరం రాసేది నేర్పింది నేను," అన్నాడు. "పెద్దోళ్లకు రాస్తే ముందు చలీ గాలీ అడగాల. ఆనక ఒంట్లో బాగోగులు, ఆనక ఇంటి సంగతులు. అన్నీ అయినాకనే మన పని. ఎత్తుకోవడమే పని సంగతి ఎత్తుకుంటే బెత్తం తీసుకుని బాదినాను. వెధవ, ఒక్కటీ మరవలేదు చూడు."

మోకాలు పట్టుకుని లేచాడు. వెళ్లి ఫొటో ముందు కూచుని, కాగితం దూరంగా పట్టుకున్నాడు.

"గాలి జాస్తిగానే ఉండాదిరా. మోకాలు తగ్గలేదు, తగ్గదు కూడా. మీ వదినకేం, గుండ్రాయల్లే ఉండాది. చిప్పలు ఈ ఏడు బాగానే పడినాయి. పడవ... ఇంజను మొరాయిస్తా ఉంటుంది." కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు. "గడ్డి కోసినా. నీ వంతు గూడా నేనే కోసినా, పన్నెండేండ్లు."

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "అన్నీ అయినాయి. ఇప్పుడు చెప్పరా," అన్నాడు ఫొటోతో.

వదిన గోడవైపు తిరిగి ఏడ్చింది. నాకు ఏడవడానికి కూడా మొహం చెల్లలేదు.