బార్ అంటే పట్టుకునే కొయ్య

అయినా ఆ డాక్టరు అంత మెల్లగా చెప్పకుండా ఉండాల్సింది, కసిరి ఉంటే నేనూ కోప్పడి వచ్చేవాణ్ణి, దేవరాజూ, ఈ కాలికి ఇక బలం రాదు, పిల్లను ఊరికే కష్టపెట్టొద్దప్పా అని బిడ్డ తల నిమిరాడు, నేనేమో ఆయన బల్లకు అతుకు సరిగా కూర్చోలేదని చూస్తూ నిలబడ్డాను, వడ్రంగి బుద్ధి ఎక్కడికి పోతుంది, నంద్యాల ఎప్పుడు దాటామో, బస్సు శిరివెళ్ళలో ఆగింది, పక్కన నా బిడ్డ లీలావతి, పన్నెండేళ్ళది, ఎండిన కుడికాలిని రెండు చేతులతో ఎత్తి సర్దుకుంటోంది, చూడలేక శనగచేల వైపు తిరిగాను, దానికి మూడో ఏట జ్వరం వచ్చింది, తగ్గింది, చంకలోంచి దించితే నిలబడలేదు, పోలియో అన్నారు.

డెబ్బై ఏడులో నంద్యాల ఆసుపత్రికి కాళ్ళకు కసరత్తు చేయించే ఒక దొరసానమ్మ వచ్చింది, చిన్నప్పుడు వాళ్ళ దేశంలో నాట్యం నేర్చిందట, గోడకు బిగించిన గుండ్రటి కొయ్యను చూపించి బార్ అంది, అంటే ఏంటమ్మా అంటే నవ్వి, ఏమీ లేదు, పట్టుకునే కొయ్య, మా పిల్లలు నాట్యం దీన్ని పట్టుకునే మొదలుపెడతారు అంది, మడమలు కలిపి, మోకాళ్ళు వంచి, మెల్లగా లేచి, మునివేళ్ళ మీద నిలబడాలి, రోజూ చేస్తే కాలికి బలం రావచ్చు అంది, మా ఊరు ఆళ్ళగడ్డకు తిరిగొచ్చిన రోజే టేకు కొయ్యకు చిత్రిక పట్టాను, బిడ్డ అరచేతిలో పేడు గుచ్చుకోకుండా రెండు రోజులు ఉప్పుకాగితంతో రుద్ది ఇంటి గోడకు బిగించాను, దేవరాజు ఇంట్లో బార్ పెట్టినాడంట, బ్రాందీ యాడప్పా అని పక్కింటి మద్దిలేటి వీధిలో నవ్వాడు, నవ్వనీ అనుకున్నాను, ఏడాదికి దొరసానమ్మ వాళ్ళ దేశం వెళ్ళిపోయింది, బిడ్డ పొడుగయ్యేకొద్దీ కొయ్యను పైకి జరిపాను, ఒళ్ళు పెరిగింది, ఆ కాలు మాత్రం పెరగలేదు, పొద్దున, సాయంత్రం, లే, ఇంగొకసారి, ఇంగొకసారి అంటూ నేను, చాలప్పా, పిల్ల ఏడుస్తాంది అని నా భార్య హన్నమ్మ వంటింట్లోంచి ఎన్నిసార్లు అందో, నువ్వు ప్రార్థన చేసుకో, నా పని నన్ను చేయనీ అని కసిరాను, ఆ ఐదేళ్ళూ కాలినే చూశాను, బిడ్డ ముఖం ఒక్కనాడూ చూడలేదు.

నాయనా, ఇంగ కొయ్య పట్టుకునే పని లేదు గదా అంది లీలావతి, ఈయనకేం తెలుసు, కర్నూల్లో ఇంకో డాక్టరు ఉన్నాడు, పోదాం అన్నాను, కాలు రాదని నాకు తెలుసు నాయనా, తెలిసి రెండేండ్లయింది అంది, కిటికీలోంచి బయటికే చూస్తూ, బస్సు కదిలింది, తెలిసి మరి ఎందుకు చేస్తాంటివే అన్నాను, నువ్వు పొద్దున్నే లేసి కొయ్య కాడికొచ్చి నిలబడతావు గదా, నేను మానేస్తే నువ్వేమైపోతావో అని అంది, అంత మామూలుగా, మంచినీళ్ళు అడిగినట్టు, ఇక నేను దాక్కోవడానికి కర్నూలూ లేదు, ఏ డాక్టరూ లేడు, ఆళ్ళగడ్డ దీపాలు కనిపిస్తున్నాయి, దిగేటప్పుడు ఎప్పటిలా ఎత్తుకుంటే నా మెడ చుట్టూ చెయ్యి వేసింది, బరువే లేదు, ఈ రెండేళ్ళూ ఆ ఎండిన కాలి మీద నా బిడ్డ మోసింది నన్నే.