రెండు బారల దూరం

తిరగదని తెలుసు. అయినా బొటనవేలు మాటిమాటికీ కెమెరా లెన్సు రింగు మీదికే పోతోంది, కదిలే పన్ను దగ్గరికి నాలుక పోయినట్టు. తేడా ఒక్కటే. ఇది కదలదు.

ఆయన వీధి మూలన మందుల దుకాణం గోడకి భుజం ఆనించి నిలబడ్డాడు. రోజూ నిలబడేది అక్కడే. పొద్దుటి ఎండ ఎదురు మేడల సందులోంచి దిగి కాలిబాట మీద పలకలా పడుతుంది. పనులకు పోయేవాళ్ళు ఆ వెలుగులోకి అడుగుపెట్టి, ఒక్క క్షణం కళ్ళు చిట్లించి, మళ్ళీ నీడలో కలిసిపోతారు. ఆ క్షణం కోసమే ఆయన బతుకంతా నిలబడ్డాడు. కెమెరాని కంటికి ఎత్తే పని లేదు. అది ఛాతీ దగ్గర వేలాడుతుంటుంది, దాని మీద చెయ్యి ఊరికే ఆనినట్టు ఉంటుంది. లెన్సు ఎప్పుడూ ఒకే దూరానికి కట్టేసి ఉంటుంది. రెండు బారలు. అంతకన్నా దగ్గరికి పోతే మనం ఎదుటివాడికి తెలిసిపోతాం, అంతకన్నా వెనక్కి పోతే వాడు మనకి తెలియడు.

ఈ మాట ఎప్పుడో ఒక సభలో నీళ్ళు నములుతూ అన్నాడు. విన్నవాళ్ళు దాన్ని శిలాశాసనం చేసుకున్నారు. ఊళ్ళో వీధి ఫోటోలు తీసే ప్రతివాడూ ఇవాళ లెన్సు రింగుని రెండు బారల దగ్గర టేపు చుట్టి బిగిస్తాడు. దాని పేరు 'పెద్దాయన దూరం'.

మడిచిన గొడుగుని చంకలో పెట్టుకుని ఒకావిడ వెలుగులోకి వచ్చింది. నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుంది. సరిగ్గా రెండు బారలు. ఆయన వేలు నొక్కలేదు. ఆవిడ వెళ్ళిపోయింది.

పొద్దున్న భార్య అంది, దిండుకి జారబడి, గోరువెచ్చని నీళ్ళు గుక్క గుక్కగా తాగుతూ.

"నన్నొక ఫోటో తియ్యి."

"బోలెడు తీశానుగా."

"తీశావులే మహానుభావా. నీ పుస్తకాల్లో నా వీపుంది. మోచెయ్యి ఉంది. తీగ మీద దుప్పటి వెనకాల నీడ కూడా ఉంది. పోలీసులకి ముక్కలుగా దొరికిన శవంలా ఉన్నాను. మొహమేది?"

"గది చిన్నది. రెండు బారలు రాదు. రింగు తిరగదు."

"తిప్పించుకురా. నేను నీవైపు చూస్తుండాలి, నువ్వు తియ్యాలి. వచ్చే వారం చూద్దామంటే నాకు కుదరదు."

ఊరెళ్ళే మనిషి బండి వేళ చెప్పినట్టు చెప్పింది. డాక్టరు అన్న మాట ఇద్దరూ విన్నారు. ఇంటికొచ్చాక ఇద్దరిలో ఎవరూ దాన్ని ఎత్తలేదు.

రింగు ఒక సాకు మాత్రమేనని ఆయనకి తెలుసు. చిన్నప్పుడు నాన్న గదిలోకి వస్తే నేరుగా చూసే ధైర్యం ఉండేది కాదు. బీరువా అద్దంలో నాన్న నీడ చూసి, ఈ పూట దెబ్బలున్నాయో లేవో కనిపెట్టేవాడు. చూస్తున్నట్టు తెలియకుండా చూడడం అప్పుడే అబ్బింది. పెద్దయ్యాక లోకం దానికి శైలి అని పేరు పెట్టి దండలు వేసింది. కాపురానికి వచ్చిన మనిషిని కూడా ఆయన అలాగే చూశాడు, పక్కనించి, వెనకనించి, ఆమె ఇటు తిరిగేలోపు.

కెమెరాలు బాగుచేసే మెకానిక్ దుకాణం ఒక పాత మేడ మెట్ల కింద ఉంది.

"ఏంటి గురువుగారూ, దారి తప్పారా? మీది పాడవదే."

"రింగు పట్టేసింది."

మెకానిక్ ఒక కంటికి భూతద్దం తగిలించుకుని తిప్పిచూశాడు. "పట్టేయడం కాదిది, కాపురం పెట్టేసింది. లోపల గ్రీజు రాయైపోయింది. కొన్నాక ఎప్పుడైనా తిప్పారా అసలు?"

"అవసరం పడలేదు."

"మీ పుణ్యమా అని కుర్రాళ్ళ రింగులకి టేపు జిగురు గీకలేక చస్తున్నాను. మీరు టేపు కూడా లేకుండా బిగించేశారు. రేపు సాయంత్రం రండి."

"ఇప్పుడే కావాలి."

"అంత తొందరగా ఎవరిని తియ్యాలి?"

"మా ఆవిడని."

మెకానిక్ చేతిలో పని పక్కన పెట్టి, జుట్టు ఆరబెట్టుకునే మిషనుతో లెన్సుకి వేడి తగిలించాడు. సూదిమొనతో ద్రావకం చుక్క చుక్కగా దించాడు. రబ్బరు గుడ్డ చుట్టి, పళ్ళు బిగించి తిప్పాడు. చాలాసేపటికి లోపల ఏదో చిన్నగా మూలిగి లొంగింది.

"మెల్లిగా తిప్పండి. రెండు మూరల దాకా దగ్గరికొస్తుంది."

ఇంటి తలుపు పక్కింటావిడ తీసింది. "వదిన తల దువ్వించుకుని అప్పట్నించీ కుర్చీలోనే ఉన్నారు అన్నయ్యగారూ. పడుకోమంటే వినరు." అని వాళ్ళింటికి వెళ్ళిపోయింది.

భార్య కిటికీ పక్కన కూర్చుని ఉంది. ఆయన్ని చూసి కళ్ళజోడు తీసి కిటికీ గట్టు మీద పెట్టింది. "అద్దాల్లో కిటికీ మెరుస్తుందిగా. నీతో ఇన్నాళ్ళుండి ఆమాత్రం నేర్చుకోలేదా."

ఆయన కాళ్ళు వాటంతటవే వెనక్కి నడిచాయి. బీరువా పిడి వీపుకి గుచ్చుకుంది.

"అక్కడున్నది నువ్వా, బీరువానా? జోడు లేకపోతే నాకు ఆనదు. దగ్గరికి రా."

ఒక అడుగు వేశాడు.

"ఇంకా."

మోకాళ్ళు మోకాళ్ళకి తగిలాయి.

"ఆఁ. కనబడ్డావు. ముసలాడివైపోయావు."

కెమెరాని కంటికి ఎత్తాడు. దాని చిన్న అద్దంలో, దూరం ఇంకా కుదరక, ఆమె మొహాలు రెండు, ఒకదాని పక్కన ఒకటి, మసగ్గా. రింగు తిప్పుతుంటే అవి దగ్గరికి జరుగుతూ జరుగుతూ వచ్చి ఒకటయ్యాయి. ఆమె చూస్తోంది. ఆ చూపులో నేరం మోపడం ఉంటుందనుకున్నాడు. లేదు. బయటినించి వచ్చినవాడు ఏమైనా తిన్నాడో లేదో అని చూసే చూపు. అది ఎంతకాలంగా తన వీపు మీద ఉందో ఆయనకి తెలియదు.

"ఇటు చూడు," అన్నాడు. అలా ఎవరినీ అడిగి ఎరగడు.

"చూస్తూనే ఉన్నానుగా."

నొక్కాడు.

"ఇంకోటి తియ్యనా?"

"చాలు. నడుం వాలుస్తాను."

పడుకోబెట్టి దుప్పటి కప్పాడు. పక్కనే కుర్చీ వేసుకుని, ఈసారి నేరుగా, నిద్రపోతున్న మొహాన్ని చూస్తూ కూర్చున్నాడు. ఎప్పుడో ఆయనకీ కునుకు పట్టింది.

ఎండ వాలుతుండగా పక్కింటావిడ పాలు తెచ్చింది. "వదినా" అని పిలిచింది. గ్లాసు కింద పెట్టి ఆమె పాదం ముట్టుకుని చూసింది. "అన్నయ్యగారూ," అంది, అంతే, చాలా మెల్లిగా.

ఆయన లేచాడు. ఎక్కడ నిలబడాలో తెలియక కిటికీ దగ్గరికి వెళ్ళాడు. అలవాటుకొద్దీ చొక్కా జేబులోంచి లెన్సు తుడిచే మెత్తని గుడ్డ తీశాడు. ఒక్క క్షణం ఆగి, మడత విప్పకుండానే మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

గట్టు మీద కళ్ళజోడు ఒక కాడ ముడుచుకుని, ఒక కాడ చాపుకుని ఉంది. కుడివైపు అద్దం మీద ఆమె బొటనవేలి ముద్ర, వాలే ఎండలో గీత గీతా కనబడుతూ.