సగం మైల

నా పురుడు పదకొండో రోజున పోయింది. తలంటు పోసుకున్నాను, ఇల్లు కడిగించాను. మా ఆయనకి పట్టిన మైల మాత్రం ఇరవై ఎనిమిదేళ్లకి సగం పోతుందట. మిగతా సగం సంగతి అడిగితే, అందులో సగం పోవడానికి ఇంకో ఇరవై ఎనిమిదేళ్లట. మైలంటే ఉంటుంది, లేదా పోతుంది. సగం సగం పోయే మైల గురించి నేను పుట్టి బుద్ధెరిగి వినలేదు.

మొదటినుంచీ చెబుతాను. చెబుతూంటే నాకైనా అర్థమవుతుందేమో.

మాది పిటాన్, తాతల నాడు చెరకు కోతకి ఓడెక్కి వచ్చిన తెలుగువాళ్లు స్థిరపడ్డ దీవిలో ఒక ఊరు. ఊరి చివర మూతపడ్డ పంచదార మిల్లు ఒకటుంది. స్వతంత్రం కావాలా వద్దా అని ఊరూరా ఓట్ల గోల నడుస్తున్న ఏడు, చలికాలంలో, ఆ మిల్లు షెడ్డులోకి లారీ మీద ఒక ఇనప పీపా వచ్చింది. ఎత్తు నా నడుము దాకా ఉంటుంది. అంత మాత్రం దాన్ని దింపడానికి క్రేను కావలసి వచ్చింది. ఎక్కడో నడిసముద్రంలో ఇంకో దీవిలో తుఫాను కబురు చెప్పే యంత్రం పెడతారట. అక్కడ కరెంటు లేదు కనుక ఈ పీపా వేడే యంత్రాన్ని నడిపిస్తుందట. దీవికి పంపేముందు మా ఊళ్లో ఆరు నెలలు పరీక్ష. కాపలాకి మా ఆయన రామలుని పెట్టుకున్నారు.

దానికి నిప్పు లేదు, పొగ లేదు, ఎప్పుడు తాకినా వెచ్చగానే ఉండేది. ముసురు పట్టిన రోజుల్లో ఆయన దానికి వీపు ఆనించి కూర్చునేవాడు. ఇంటికొచ్చి, మా పొయ్యి కట్టెలు అడగదు, ఊదమని ఏడవదు అని నన్ను ఉడికించేవాడు. నిండు నెలలతో పొయ్యి ఊదుకుంటున్నదాన్ని, నాకు ఒళ్లు మండేది.

ఈలోగా పాప పుట్టింది. రెండో రోజున ఆయన మిఠాయి పొట్లం పట్టుకుని రోజర్ దగ్గరికి వెళ్లాడు. రోజర్ ఆ పీపాని చూసుకునే ఇంజనీరు. మా దీవిలోని రోజ్ హిల్ మనిషే, లండన్‌లో చదువుకొచ్చాడు. తీపి తిన్న సంతోషమో ఏమో, పీపాలో ఏముందో ఆ రోజే విప్పి చెప్పాడు. అణువుల కొలిమిలో మిగిలిన చెత్త అది. విడిగా ఉంటే మనిషిని చంపుతుంది. పారేయడానికి చోటు లేక, దాన్ని రాయిలా గట్టిపడేట్టు కాల్చి, ఉక్కు డబ్బాలో పెట్టి మూత అతికేసి, చుట్టూ సీసం తొడిగారు. లోపల ఆ చెత్త తనంతట తాను వేడి పుట్టిస్తూనే ఉంటుంది. మిల్లులో చెరకు పిప్పితో బాయిలర్ మండించేవాళ్లు కదా, ఇదీ అలాంటిదే అన్నాడట. మా ఆయన ఒక్కటే అడిగాడు, అది ఎన్నాళ్లకి శుద్ధి అవుతుందని. అప్పుడు వచ్చింది ఇరవై ఎనిమిదేళ్ల లెక్క.

ఆ సాయంత్రం ఆయన వాకిట్లోనే నిలబడిపోయాడు.

"నేను దానికి ఈపు ఆనించినాను వెంకీ. ఆ మైల నాకు అంటీసింది. పాపని ముట్టను" అన్నాడు.

నేను నవ్వాను. పసుపునీళ్లు పోసుకుని రమ్మన్నాను. పోసుకున్నాడు, అయినా రాలేదు. వరండాలో చాప, వేరే కంచం, వేరే చెంబు. పాప ఏడిస్తే కిటికీ అవతలికి వచ్చి నిలబడేవాడు. మూడో రోజుకి నాకు కోపం వచ్చింది. వారం గడిచేసరికి భయం వేసింది. ఒకవేళ ఆయన మాటే నిజమైతే? ఆయన పక్కన పడుకున్న నేనేమిటి, నా కడుపులో ఉండి వచ్చిన ఈ పిల్లేమిటి?

ఎవరిని అడిగినా ఇంకాస్త తికమక అయ్యింది. గుడి పూజారి రామదాసు గారు పంచాంగం తిరగేసి, పుట్టిన మైల ఉంది, చచ్చిన మైల ఉంది, గ్రహణం ఉంది, ఇది మాత్రం లేదన్నారు. అగ్ని అన్నిటినీ శుద్ధి చేస్తుంది, వేడి ఉందంటే అగ్ని ఉన్నట్టే కనుక ఫరవాలేదన్నారు. నేను లేచి గుమ్మం దాటుతూంటే వెనక్కి పిలిచి, మంట లేనిదాన్ని అగ్ని అనొచ్చో లేదో చూసి చెబుతాను, కొన్నాళ్లు ఆగమన్నారు.

ఆగడానికి రోజులేవీ? ఇరవై ఒకటో రోజున బారసాల. తండ్రి బిడ్డని ఒళ్లో పెట్టుకుని బియ్యంలో పేరు రాయాలి, చెవిలో చెప్పాలి. మా అత్త అంకమ్మ, పోనీ మీ అన్న చేత చెప్పిద్దాం అంది. తండ్రి బతికుండి, వరండాలో కూర్చుని చూస్తూంటే, ఇంకొకడి నోట నా పిల్ల పేరు వినడమా? నావల్ల కాదన్నాను.

ఇరవయ్యో రోజు మధ్యాహ్నం, అత్త కేకలు వేస్తున్నా వినకుండా, పాపని భుజాన వేసుకుని షెడ్డుకి వెళ్లాను. నన్ను చూసి మా ఆయన స్టూలు మీంచి లేచి పది అడుగులు వెనక్కి జరిగాడు. రోజర్ లోపలే ఉన్నాడు. ఆయన ఎదుటే చెప్పమన్నాను, ఇది మంచిదా చెడ్డదా అని. లోపల చెడ్డది, బయట మంచిది అన్నాడు రోజర్. మరి నీ చొక్కాకి ఆ బిళ్ల ఎందుకు అన్నాను. బయటికి ఏమైనా వస్తోందేమో కొలవడానికట. రాదన్నావు కదా అంటే, వస్తుంది గానీ లెక్కలోకి రానంత అన్నాడు. లెక్కలోకి రానిదానికి లెక్క ఎందుకని అడిగాను. అతను చాలా ఓపిగ్గా మళ్లీ మొదటినుంచీ చెప్పాడు. మంచివాడే పాపం. నాకు మొదటిసారి అర్థమైన కాస్త కూడా పోయింది.

మా ఆయన వంక చూశాను.

"పా కొనే" అన్నాడు. ఇక్కడి మాటలో తెలియదు అని. ఇన్నాళ్ల కాపురంలో ఆయన మొహం అంత దిక్కులేకుండా ఉండడం నేను చూడలేదు. నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు ఒక్క సంగతి తోచింది. చావింట్లో అందరికీ మైలే. ఊరంతా దూరంగా ఉంటుంది గానీ, ఆ ఇంటివాళ్లు ఒకరినొకరు ముట్టుకోకుండా ఉంటారా? ఒక్క కంచంలో తింటారు, ఒకరి మీద ఒకరు పడి ఏడుస్తారు. ఒకే మైలలో ఉన్నవాళ్లకి అంటేదేముంది?

పాప ఎడమ భుజాన ఉంది. పీపా దగ్గరికి నడిచాను. వద్దంటూ ఆయన అరిచాడు. నా కుడి అరచేతిని దాని మీద ఆనించాను. పాలిచ్చే ఆవు పొట్టలా వెచ్చగా ఉంది. తప్పు చేస్తున్నానో, మంచే చేస్తున్నానో ఆ క్షణంలో నాకు తెలియదు, ఇప్పటికీ తెలియదు. చెయ్యి తీయలేదు. తర్వాత అదే చేత్తో పాప వీపు నిమిరాను.

"మాకూ అంటింది మావా. ముగ్గురిదీ ఒకటే మైల. ఇంక పట్టుకో."

ఆయన కదల్లేదు. నేనే వెళ్లి పాపని ఆయన చేతుల్లో పెట్టాను. రోజర్ తల తిప్పుకున్నాడు. ఆయన నన్ను చూశాడు, పాపని చూశాడు, పంచదార బస్తా మోసినట్టు రెండు చేతులూ బిగించి గుండెకి అదుముకున్నాడు. ఇరవై రోజుల బిడ్డకి తండ్రే గానీ, ఎత్తుకోవడం రాదు.

"తల కింద చెయ్యి పెట్టు" అన్నాను.