అన్న మూడుసార్లు హారన్ కొట్టాడు

కారు చక్రం పగిలి అన్న పోయి ఏడాదైంది. బాగుచేయించిన ఆ స్పోర్ట్స్ కారుకే తేలికైన అల్లాయ్ చక్రాలు వేయిద్దామని తమ్ముడు సెకండ్ హ్యాండ్ కొట్టుకి వచ్చాడు. కొట్టు నడిపే మామ చెక్క సుత్తితో ఒక్కోదాన్నీ కొట్టి చూశాడు. పగులుంటే మొద్దుగా పలకాలి, నాలుగూ ఖంగుమన్నాయి.

"దూదిపింజలేరా అల్లుడూ! ఉఫ్‌మంటే ఎగిరిపోతాయి."

"అయితే బిగించెయ్ మామా."

బయట తాళం వేసున్న ఖాళీ కారు మూడుసార్లు హారన్ కొట్టింది. తమ్ముడు తొందరపడినప్పుడల్లా అన్న అలాగే కొట్టి ఆపేవాడు.

మామ చక్రాలన్నీ తిరగేసి తుడిచాడు. నాలుగోదానికి, సుత్తికి కూడా దొరకని వెంట్రుకంత పగులుంది.

తమ్ముడు పాత బరువు చక్రాలతోనే బయల్దేరాడు, పక్కనున్న ఖాళీ సీటుకి బెల్టు పెట్టి.