చెమట ఆరని కొబినా

మంగళవారం మా ఎల్మినాలో ఎవరూ వల వెయ్యరు. ఆ రోజు సముద్రానికి సెలవు. పడవలన్నీ ఒడ్డున వరసగా పడుంటాయి. మగాళ్లు చిరిగిన వలలు ఒళ్లో వేసుకుని కుట్టుకుంటూ, ఊళ్లో వాళ్ల గుట్లన్నీ విప్పుకుంటూ కూర్చుంటారు. ఉప్పు మళ్లకి మాత్రం ఏ సెలవూ లేదు. ఎండ కాసిన రోజల్లా ఉప్పు తియ్యాల్సిందే. అందుకే ఆరబా ఏ వారమైనా తెల్లారేసరికి సముద్రపు కయ్య ఒడ్డున తన మడిలో ఉండేది. కొబ్బరి చిప్పతో ఉప్పు గీకడం, బుట్టకెత్తడం, నెత్తిన పెట్టుకెళ్లి గట్టు మీద కుప్ప పొయ్యడం, మధ్యాహ్నం దాకా ఇదే పని. ఆ తర్వాత అరటాకులో ఉడికిన పులిసిన మొక్కజొన్న పిండి కెంకీ ముద్ద, వేయించిన చేప, నూరిన మిరపకాయ. తిన్నాక పక్క మడి ఆడవాళ్లతో కాసేపు పోట్లాడితే గానీ ఆవిడకి తిన్నది అరిగేది కాదు.

పోట్లాట ఎప్పుడూ ఒకేలా మొదలయ్యేది. "ఏమే ఆరబా, పీట వేశావా?" అని ఎవతో ఒకతి అనేది. మిగతావాళ్లు నవ్వేవాళ్లు. ఆరబా కొబ్బరి చిప్ప విసిరేది.

ఆ పీట సంగతి దేశమంతటికీ తెలుసు. గిటారు పట్టుకుని హైలైఫ్ అనే డాన్సు పాటలు పాడే కొబినా ఎసిల్ఫీ కట్టిన పాట అది. "ఆరబా, పీట వెయ్యి, మావాళ్లతో వస్తున్నా, సీసాలతో వస్తున్నా" అని మొదలవుతుంది. మాలో పెళ్లంటే మగపిల్లాడి తరఫువాళ్లు జిన్ సారా సీసాలు పట్టుకుని పిల్ల మేనమామ ఇంటికి రావాలి. ఆయన ఆ సీసాలు అందుకుంటేనే పెళ్లి. అలా సీసాలు వచ్చే ప్రతి ఇంట్లోనూ ఈ పాటే వేసేవాళ్లు. అక్రాలోనైనా కుమాసీలోనైనా ఈ పాట లేకుండా సీసా మూత తీసినవాడు లేడు. పాటలో ఉన్న ఆరబా ఈ ఉప్పు మడి ఆరబాయే. ఆవిడ ఇంటికి మాత్రం సీసా రాలేదు.

కొబినా చెడ్డవాడు కాదు. తాగేవాడూ కాదు, తిట్టేవాడూ కాదు. వయసులో ఉండగా ఆరబా ఇంటికి వచ్చాడు, గిటారు మూల నిలబెట్టాడు, ఇంక ఎక్కడికీ పోలేదు. పోలేదంటే అదీ అబద్ధమే. ఎప్పుడూ ఏదో ప్రోగ్రాంకి పోతూనే ఉండేవాడు. "ఈ ఒక్క ప్రోగ్రాం అవ్వనీ, మావాళ్లని తీసుకుని మీ మామ దగ్గరికి వస్తా" అనేవాడు. అది అయ్యేది, ఇంకోటి వచ్చేది. ఊరందరి పెళ్లిళ్లకీ పాడే మనిషికి తన పెళ్లికి తీరిక దొరకలేదు. ఆరబా మొదట్లో అడిగింది, తర్వాత ఏడ్చింది, ఆ తర్వాత నవ్వడం నేర్చుకుంది. పిల్లలు కలగలేదు. జుట్టు నెరిసింది.

ఆయన చెమట గురించి చెప్పాలి. పాడితే ఎవరికైనా చెమట పడుతుంది. కొబినాకి తన పాట ఎక్కడ మోగినా పట్టేది. ఇంట్లో నిద్రపోతూ ఉంటాడు, తకొరాడిలో ఏ బస్సు డ్రైవరో క్యాసెట్టు పెడతాడు, ఇక్కడ ఈయన చొక్కా తడిసి ముద్దయ్యేది. శనివారమైతే దేశమంతా పెళ్లిళ్లూ చావు కార్యాలే కదా, ఆరబా ఓ బొచ్చె, నాలుగు తువ్వాళ్లు పక్కన పెట్టుకుని కూర్చునేది. "ఎవరింటికో సీసాలొచ్చాయి" అనేది ఆయన మొహం తుడుస్తూ. ఆయన కళ్లు మూసుకుని తుడిపించుకునేవాడు. ఆ విషయంలో మాత్రం సిగ్గుపడేవాడు పాపం.

కుమాసీలో పాడి తిరిగొస్తూ బస్సులో నిద్రలోనే పోయాడు. పక్కన కూర్చున్న డ్రమ్ములవాడు అలిసిపోయి పడుకున్నాడనుకున్నాడు. దార్లో బ్యాండువాళ్లు సరదాకి ఆయన పాటే అందుకున్నారట, ఆయనకి చెమట కూడా పట్టిందట. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

వారం దినాలకి వంశమంతా కూడింది. మాలో మనిషి తల్లివైపు వంశానికి చెందుతాడు. శవమూ వాళ్లదే. కొబినా వంశపెద్ద ఆమిసా, చేతికర్ర లేకుండా నడవలేని ముసలాయన, మాట మాత్రం కర్రకన్నా గట్టిది. ఆరబా ఆయన ముందు కూర్చుని ఒక్కటే అడిగింది. పాడె మీద కొబినా తల కింద దిండు తను పెడతానంది. ఆ దిండు పెట్టడం మాలో పెళ్లాం హక్కు. ఆమిసా తిట్టలేదు, కసరలేదు. తిడితే బాగుండేది. "అమ్మా, నువ్వు ఆయన్ని బాగా చూసుకున్నావు. కాదనను. కానీ సీసా రాని ఇంట్లో పెళ్లాం ఎక్కడిది? దిండు మేము పెట్టుకుంటాం" అన్నాడు. ఆరబా లేచి వెళ్లి, ఊరివాళ్ల కోసం వేసిన కుర్చీల్లో వెనక వరసలో కూర్చుంది. ఉప్పు మడి ఆడవాళ్లు ఆ రోజు పీట మాట ఎత్తలేదు.

చావు కార్యం పెద్ద ఎత్తున చెయ్యాలనుకున్నారు. అంత పేరున్న మనిషిని ఊరికే మట్టి చేస్తారా? వంశం ఇంటికి రంగులు వేయించాలి, లండన్‌లో ఉన్నవాళ్లకి సెలవులు దొరకాలి, అందరూ ఒకేరకం కట్టుకోడానికి నల్లబట్ట నేయించాలి. అంతదాకా శవాన్ని ఆసుపత్రి శవాల గదిలో ఉంచారు. మావాళ్లు ఎప్పుడూ చేసేదే ఇది, నెలలు పట్టినా ఎవరూ తప్పుపట్టరు. అయితే కొబినా సంగతి వేరు. చచ్చినా ఆయన చెమట ఆగలేదు. బతికుండగా మానని అలవాటు చచ్చాక మానమంటే ఎలా మానుతాడు? పైగా పోయాడని తెలిసినప్పటి నుంచీ రేడియోలో పొద్దస్తమానం ఆయన పాటలే. బస్సుల్లో, బార్లలో, మంగలి కొట్లలో, ఎక్కడ విన్నా ఆయన గొంతే. శవాల గదిలో పనిచేసే అలిదు దుప్పట్లు మార్చలేక చచ్చాడు.

కొన్నాళ్లకి అలిదు ఆమిసా దగ్గరికి వెళ్లి చెప్పాడు. "పెద్దయ్యా, ఆయన తరిగిపోతున్నాడు. మొన్న ఇద్దరం పట్టి లేపాం, ఇవాళ నేనొక్కణ్నే లేపాను. తొందరగా కానివ్వండి." రంగు ఇంకా ఆరలేదన్నాడు ఆమిసా. అయినా లోపల భయం వేసి రేడియో ఆఫీసుకి వెళ్లి, అంత్యక్రియలయ్యేదాకా ఆ పాట ఆపమని బతిమాలుకున్నాడు. అక్కడున్న కుర్రాడు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. తప్పకుండా ఆపుతామని మాటిచ్చి, ఆఖరిసారిగా, కొబినా గౌరవార్థం అంటూ ఆ పాటే వేశాడు. ఆ పూట శవం కింద బొచ్చె నిండింది.

ఆరబా కూడా బస్టాండుకి వెళ్లి డ్రైవర్లని అడిగింది. ఆవిణ్ని చూడగానే అందరూ పాట ఆపేవాళ్లు, టోపీలు తీసేవాళ్లు. ఆవిడ మలుపు తిరగగానే మళ్లీ పెట్టేవాళ్లు. వాళ్లని ఏమని తిడుతుంది? ప్రేమకొద్దీ వినేవాళ్లే అందరూ. ఆ ప్రేమే ఆయన్ని అరగదీస్తోంది. ఒకరోజు మడిలో ఉప్పు గీకుతూ తన నోట్లో అదే కూనిరాగం నడుస్తోందని గమనించుకుంది. చప్పున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గట్టు మీద కూలబడి ఏడ్చింది. ఆ తర్వాత పని చేసినంతసేపూ పెదవి కొరుక్కునే ఉండేది.

చూడనివ్వమని శవాల గదికి వెళ్తే అలిదు తలుపు తియ్యలేకపోయాడు. వంశంవాళ్లకి, పెళ్లాలకి తప్ప ఇంకెవరికీ లోపలికి వెళ్లే వీల్లేదు. అతనిది మెత్తని మనసు. తలుపు ఓరగా తీసి తడి దుప్పట్ల మూట బయట పెట్టాడు. "లోపలికి రాకూడదన్నారు గానీ, ఉతకకూడదని ఎవరూ అనలేదక్కా" అన్నాడు.

అప్పటి నుంచీ ఆ దుప్పట్లు ఆరబాయే ఉతికేది. సబ్బు పెట్టేది కాదు. మంచినీళ్లలో జాడించి పిండేది. ఆ నీళ్లు నేల మీద పారబొయ్యడానికి చేతులు రాలేదు, నలుగురూ తొక్కే చోట ఎలా పోస్తుంది? తన మడి పక్కనే చిన్న మడి కట్టింది, బంకమట్టి మెత్తి నున్నగా అలికింది, సముద్రం నీరు చుక్క కూడా రానివ్వలేదు. ఆ నీళ్లు అందులో పోసి ఎండ పెట్టింది. తెలిసిన పని అదొక్కటే మరి. నీళ్లు ఇగిరిపోయాక అడుగున సన్నటి తెల్లటి ఉప్పు తేలింది. దాన్ని జాగ్రత్తగా గీకి మట్టి కుండలో పోసి మంచం తలాపున పెట్టుకుంది. వారం వారం కుండ నిండుతూ వచ్చింది. పక్క మడి ఆడవాళ్లు పోతూ పోతూ "కొబినా ఎలా ఉన్నాడే?" అని పలకరించేవాళ్లు. "తెల్లబడ్డాడు" అనేది.

సాయంత్రాలు ఆ కుండతో మాట్లాడేది. మాట్లాడేదంటే తిట్టేది. ఇన్నాళ్లూ ఏ ఊరు పట్టుకుని తిరిగావు, ఇప్పుడు చూడు ఎంత బుద్ధిగా కూర్చున్నావో అనేది. ఒక్కోసారి నవ్వొచ్చేది కూడా. బతికుండగా ఆయన ఇంత వరసగా ఇంటిపట్టున ఉన్నది లేదు.

అంత్యక్రియల ముందురోజు మధ్యాహ్నం శవానికి స్నానం చేయించి బట్టలు కట్టడానికి ఆమిసా ముసలమ్మల్ని వెంటబెట్టుకుని శవాల గదికి వెళ్లాడు. అలిదు దుప్పటి తీశాడు. కింద ఏమీ లేదు. పరుపు మీద మనిషి ఆకారంలో తడి మాత్రం ఉంది, అదీ వాళ్లు చూస్తుండగానే ఆరిపోయింది. ఇంటికి రంగులయ్యాయి, లండన్‌వాళ్లు దిగారు, గిటారు ఆకారంలో పెట్టె చేయించారు, ఊళ్లో ఎవరింట చూసినా చుట్టాలే. ఏడీ మావాడు అన్నాడు ఆమిసా. "వారం వారం వెళ్లాడు కదా పెద్దయ్యా, ఆరబా అక్క ఇంట్లో ఉన్నాడు" అన్నాడు అలిదు.

ఆమిసా నలుగురు పెద్దలతో తిన్నగా ఆరబా ఇంటికొచ్చాడు. ఆరబా మేనమామ క్వామినా వాకిట్లో వల కుట్టుకుంటున్నాడు. ఆరబా లోపల కుండ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉందని వేరే చెప్పక్కర్లేదు. మావాణ్ని ఇచ్చెయ్యండి, పొద్దున్నే పాడె ఎక్కించాలన్నాడు ఆమిసా.

క్వామినా సూది ఆపలేదు. "మా ఇంట్లోంచి మనిషిని అడగాలంటే వట్టి చేతులతో వస్తారా?"

"మనిషేంటయ్యా, ఉప్పు."

"ఉప్పైతే బజార్లో బోలెడుంది. కొనుక్కోండి."

ఆమిసాకి కోపం రాలేదు. మా పద్ధతి ఆయనకి తెలిసినంత ఎవరికీ తెలియదు, క్వామినా అన్నదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఒక పెద్దని పక్కకి పిలిచి చెవిలో చెప్పాడు. ఆ పెద్ద వెళ్లి జిన్ సీసాలతో తిరిగొచ్చాడు. వంశం ముసలమ్మలు కూడా వెనకే వచ్చారు. ఆమిసా టోపీ తీసి, చెప్పులు విడిచి, భుజం మీది బట్ట నడుముకి జార్చుకుని, సీసాలు క్వామినా ముందు పీట మీద పెట్టాడు. "మా కొబినా తరఫున వచ్చాం. ఆలస్యమైంది. మన్నించండి" అన్నాడు.

సీసాలు ముట్టుకునే ముందు మేనమామ పిల్లని మూడుసార్లు అడగాలి. క్వామినా వల పక్కన పెట్టి ఆరబాని బయటికి పిలిచాడు. కుండ చంకన పెట్టుకునే వచ్చింది. ఉప్పు మళ్ల నుంచి ఆడవాళ్లు బుట్టలు అక్కడే వదిలేసి వచ్చి గోడ పక్కన నిలబడ్డారు. ఒక్కతీ నవ్వలేదు.

"ఆరబా, వీళ్లు సీసాలు తెచ్చారు. తీసుకోమంటావా?" అన్నాడు క్వామినా.

ఆరబా కుండ వైపు చూసుకుంది. తీసుకోమంటే తను కొబినా పెళ్లాం. పెళ్లాం మొగుణ్ని మట్టి చెయ్యకుండా ఇంట్లో దాచుకోదు. వద్దంటే ఎవరికీ ఏమీ కాదు, కుండ తలాపునే ఉంటుంది, సాయంత్రాలు తిట్టుకోవచ్చు. ఆవిడ చెయ్యి కుండ మూతని గట్టిగా పట్టుకుంది.

"ఆరబా, తీసుకోమంటావా?"

"దిండు ఎవరు పెడతారు?" అంది ఆమిసా వైపు చూసి.

"నువ్వే పెట్టాలి కోడలా" అన్నాడాయన. ఆ మాట అన్నాక తలెత్తలేకపోయాడు.

ఆరబాకి ఏడుపొచ్చింది. ఇన్నేళ్లు ఈ పూటని ఎన్నిసార్లు ఊహించుకుందో. కొత్తబట్ట, పూసలు, గిటారు పట్టుకుని సిగ్గుపడుతూ వెనకాల నిలబడ్డ కొబినా. అన్నీ ఊహించింది గానీ తను ఇలా ఉప్పు చేతులతో, పెళ్లికొడుకుని చంకన పెట్టుకుని నిలబడతాననుకోలేదు. ఏడుస్తూనే గట్టిగా ఓ తిట్టు తిట్టింది కుండని. అదేం తిట్టో మేం ఇక్కడ చెప్పుకోం.

"మూడోసారి అడుగుతున్నానమ్మా" అన్నాడు క్వామినా. "తీసుకోమంటావా?"

"తీసుకో మామా" అంది.

కుండ ఆమిసా చేతుల్లో పెట్టింది. క్వామినా సీసా మూత తీసి, పెద్దల పేరున నేల మీద నాలుగు చుక్కలు వంచి, గ్లాసులో పోసి మేనకోడలికి ఇచ్చాడు. పెళ్లికూతురు ఒక గుటక తాగాలి. ఆరబా తాగింది. గోడ పక్కనున్న ఆడవాళ్లు పెళ్లికి వేసే కేక వెయ్యబోయి, నోళ్లు మూసుకుని ఏడ్చారు. గ్లాసు ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది. వంశం ముసలమ్మలు దగ్గరికొచ్చి, "దా తల్లీ" అని మెత్తగా అంటూ ఆవిడ ఒంటి మీది రంగుబట్ట విప్పి, విధవలు కట్టే నల్లబట్ట కట్టారు.