మాటపప్పు డబ్బా

పలాస జీడి బట్టీల్లో ఆడవాళ్ళు పొట్టు తీసిన పప్పును విరగని గుండ్లు, బద్దలు, ముక్కలు అని వేరు చేస్తారు. అప్పుడప్పుడు ఒక గుండు వంపులో, పుట్టుమచ్చ రంగులో ఒక మాట కనిపిస్తుంది. గొడుగు అనో, పెదనాన్న అనో, ఏదో ఒకటి. దానికీ ఆ చెట్టుకీ, ఒలిచిన మనిషికీ ఏ సంబంధమూ ఉండదు. మాట ఉన్న పప్పును వ్యాపారులు కొనరు కాబట్టి ఆడవాళ్ళు కొంగున కట్టుకుని ఇంటికి పట్టుకుపోతారు. ఆ మాట మీద ఒక కథ చెప్పి తినాలి. చెప్పకుండా తింటే కడుపునొప్పి వస్తుంది. అందుకని కథలు రానివాళ్ళందరూ మాటపప్పును తెచ్చి హిమజకు ఇచ్చేస్తారు.

హిమజ పలాస పక్కనే కాశీబుగ్గలో లెక్కల టీచరు. పిల్లల పత్రికకు నెలకో కథ రాస్తుంది. రెండో శనివారం సెలవు కదా, కాఫీ తాగి కళ్ళు మూసుకుని స్టీలు డబ్బాలో చెయ్యి పెడుతుంది. తాళం, బాతు, పెళ్ళిభోజనం. వచ్చిన మూడింటినీ కలిపితే ఆ నెల కథ. సొంతంగా ఆలోచిస్తే తిరిగిన చోటే తిరుగుతానని, డబ్బా అయితే ఎరగని వీధిలోకి తీసుకుపోతుందని ఆమె అంటుంది.

ఈ ఏడాది వానలు మొదలైన దగ్గర్నుంచి డబ్బా కూడా ఆమెను ఎక్కడికీ తీసుకుపోవడం లేదు. గొడుగు, మేక, తపాలా వస్తే కథలో మేక కాళ్ళు వాచి చచ్చిపోయింది. తర్వాతి నెల రాజుగారి బాతు మంచం పట్టింది. మూడో నెల మళ్ళీ మేక వచ్చింది. పత్రిక సంపాదకుడు విశ్వనాథ్ విజయవాడ నుంచి ఫోన్ చేశాడు.

"హిమజగారూ, పిల్లల కథలో మళ్ళీ మేక చచ్చిపోయిందేమిటండీ?"

"నేను చంపలేదండీ, అదే..." అని ఫోన్ పెట్టేసి ఆమె గిన్నెలు తోమింది. తోమిన గిన్నెలే మళ్ళీ తోమింది.

ఆమె బెంగంతా మొగుడి మీద. త్రినాథ్‌ది వజ్రపుకొత్తూరు వైపు పల్లె. వాళ్ళ నాన్న, అన్న ఇద్దరూ కిడ్నీలు పాడై చనిపోయారు. ఆ ఉద్దానం ప్రాంతంలో అదేమీ వింత కాదు. రక్తపరీక్ష చేయించుకుంటే ముందే తెలుస్తుందని కూడా అందరికీ తెలుసు. త్రినాథ్ మాత్రం పరీక్షల బండి ఇటు వస్తే అటు జీడితోటకు చెక్కేస్తాడు. "రగతం తీత్తేనే రోగం పుడతాది. మా అన్నకి అలాగే పుట్టింది" అని అతని వాదన. ఒకసారి అడిగితే నవ్వుతాడు, రెండోసారి అడిగితే మోటారు సైకిలు తీస్తాడు.

ఒక శుక్రవారం సాయంత్రం హిమజ చేయకూడని పని చేసింది. మాట లేని మామూలు గుండు మీద సూదితో 'రక్తం' అని గీసి డబ్బాలో వేసింది. గుండు వేళ్ళ మధ్య జారి అక్షరాలు ఓ పక్కకు ఒరిగాయి. మర్నాడు కాఫీ దగ్గర డబ్బాను అతని ముందుకు తోసింది.

"బావా, నా సెయ్యి అచ్చిరాట్నేదు. నువ్వు తియ్యి."

"నాకేటి కథలొచ్చు?"

"ఒక్కటి తియ్యి బావా."

అంత డబ్బాలో ఆ ఒక్కటే చేతికి రావడం ఎంత కష్టమో లెక్కల టీచరుకు తెలియకపోలేదు. ఉండబట్టలేకపోయింది, అంతే. త్రినాథ్ తీశాడు. చూసి ముఖం ముడుచుకున్నాడు.

"ఇది బట్టీలో వచ్చింది కాదు. సూదితో గీసినావు."

"అవును" అంది హిమజ. సిగ్గుపడే ఓపిక కూడా ఆమెకు లేకపోయింది.

అతను దాన్ని పక్కన పెట్టి ఇంకోటి తీశాడు. అదీ రక్తమే. ఇంకోటీ అదే. విసురుగా డబ్బాను పళ్ళెంలో బోర్లించాడు. బాతూ లేదు, తాళమూ లేదు. పళ్ళెం నిండా ఓ పక్కకు ఒరిగిన అదే రాతలో అదే మాట.

"ఇన్ని ఎప్పుడు గీసినావే?"

"నాను గీసింది ఒకటే బావా. ఒట్టు."

అంతలో బట్టీలో పనిచేసే గౌరి గుమ్మంలోంచి కొంగుముడి విప్పుకుంటూ వచ్చింది.

"టీచరమ్మా, నిన్న సాయంత్రం కాడ్నించి బట్టీలో అన్నీ ఈ మాటే. ఎవులికి బాగోనేదో ఏటో, బేగి సూసుకోండమ్మా" అని పప్పులు పళ్ళెంలో పోసి, పనికి ఆలస్యమవుతోందని వెళ్ళిపోయింది.

త్రినాథ్ ఒక పప్పు తీసి నోటిదాకా తెచ్చి ఆగాడు. దాన్ని వేళ్ళ మధ్య తిప్పాడు. చివరికి కథ చెప్పాడు.

"ఒకడున్నాడు. వానలు మొదలైనకాడ్నించి ఆడికి పాదాలు వాత్తన్నాయి. పెళ్ళానికి తెలిసిపోద్దని పెద్ద జోళ్ళు కొనుక్కున్నాడు. రేత్రి లెగిసినప్పుడల్లా లైటెయ్యకుండా గోడ పట్టుకుని నడుత్తన్నాడు. సావంటే బయం కాదు ఆడికి. మంచం మీద అన్న మొకం సూసినాడు. ఆ మొకం పెళ్ళానికి సూపించాలంటే బయం."

"ఆ పెళ్ళానికి మెలకువే బావా" అంది హిమజ. "నువ్వు లెగిసిన పెతిసారీ మెలకువే."

త్రినాథ్ పప్పు నమిలి మింగాడు. మోటారు సైకిలు తాళం తీసుకున్నాడు. మళ్ళీ తోటకేననుకుంది హిమజ.

"ఎక్కు. బేగి ఎల్దాం. దారిలో నా మనసు మారిపోతే గట్టిగా పట్టుకో" అన్నాడు.

ఆస్పత్రిలో రక్తపరీక్ష కాగితం చూసిన డాక్టరమ్మ కళ్ళజోడు తీసి, "మొదలైంది. కానీ ఇది మందులతో ఆపగలిగే దశే. ఇంకో ఏడాది ఆగుంటే నా చేతుల్లో ఉండేది కాదు" అంది.

హిమజ అంతమంది ఎదుట బావురుమంది.

"ఊరుకోవే, అందరూ సూత్తన్నారు" అని త్రినాథ్ ఆమె భుజం పట్టుకున్నాడు. తర్వాత డాక్టరమ్మ వైపు తిరిగి అడిగాడు.

"మళ్ళీ ఎప్పుడు రమ్మంతారమ్మా?"